పచ్చగుడ్డలో వాచకం

రహిమున్నీసా టీచరుకి ఒళ్ళు మండిపోయింది. మే నెల మధ్యాహ్నం నాలుగింటికి గుంటూరు జిల్లాలో ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి. ఆవిడకి మండింది మస్తాన్‌బీ ఇంట్లో గోడకున్న పై అర చూసి.

ఆ అరలో ఖురాన్ ఉంది. పక్కన అగరొత్తుల స్టాండు ఉంది. రెంటికీ మధ్య, పచ్చ సాటిన్ గుడ్డలో చుట్టి, పైన జరీ దారంతో ముడి వేసి, మూడో వస్తువేదో ఉంది.

“అదేమిటే మస్తాన్‌బీ?”

“మీరిచ్చిన పుస్తకమేనండీ టీచరమ్మా,” అంది మస్తాన్‌బీ, బంగారం చూపించినంత గొప్పగా. “నెల రోజులైంది. ఒక్క మడత పడనిచ్చానేమో చూడండి!”

మడత పడలేదు, నిజమే. గుడ్డ విప్పితే గదా పడటానికి. అది వయోజన వాచకం, మొదటి భాగం. మొదటి పేజీలో అమ్మ, ఆవు. రెండో పేజీలో ఇల్లు, ఈత. రెండో పేజీ ఇంటి దగ్గర చదువుకుని రండమ్మా అని టీచరు ఈ నెలలో పదకొండుమంది ఆడవాళ్ళకీ కనీసం పదిసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా పదకొండు తలలూ బుద్ధిగా ఊగాయి. మర్నాడు అడిగితే పదకొండుమందీ నేల చూపులు చూశారు. సంగతేమిటో తేల్చుకుందామని ఆవిడ గొడుగు వేసుకుని ఇళ్ళ మీదికి బయల్దేరింది. తేలిన సంగతి ఇదీ.

“ఒక్కసారన్నా విప్పలేదా?”

“కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని వుజూ చేసుకోకుండా ఎట్టా విప్పుతామండీ! మసీదులో ఇచ్చిన పుస్తకమాయె. శుక్రవారం శుక్రవారం తలంటుకుని కళ్ళకద్దుకుంటన్నాను.”

“కళ్ళకద్దుకుంటే అక్షరాలు కళ్ళలోకి ఎక్కుతాయటే? అందులో ఉన్నది అమ్మ, ఆవు! ఆవుని చూడటానికి వుజూ ఎందుకే నీకు?”

మస్తాన్‌బీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది తప్ప గుడ్డ మాత్రం విప్పలేదు.

అక్కణ్ణుంచి హనుమాయమ్మ ఇంటికి వెళ్తే ఆ పుస్తకం దేవుడి గూట్లో ఉంది. అట్ట మీద పసుపు, కుంకుమ, ఆ పైన వాడిపోయిన మందార పువ్వు. “మీ దేవుడి దగ్గర్నించి వచ్చింది మా దేవుడి దగ్గర పెట్టాను, తప్పాండీ?” అని హనుమాయమ్మే ఎదురడిగింది. కరీమున్ దాన్ని పెట్టెలో పెళ్ళిచీర మడతల్లో పెట్టి, చెమ్మ తగలకుండా కర్పూరం బిళ్ళలు వేసింది. రహిమున్నీసా ఇంక మిగిలిన ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళలేదు. వెళ్ళినా చూసేదేముందిలే అనుకుని, ఇంటికొచ్చి, రెండు చెంబుల నీళ్ళు తాగి, గోడకి చేరబడి కూర్చుంది.

ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ బడిలో పాఠం చెప్పిన మనిషి ఆవిడ. ఉద్యోగం మొదలైంది ఈ నూతలపాలెంలోనే. ఆరేళ్ళు ఇక్కడ చేశాక బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి, కిందటేడు రిటైరై మళ్ళీ ఈ ఊరికే వచ్చింది. పిల్లలతో ఆవిడకి ఎప్పుడూ ఇబ్బంది లేదు. వినకపోతే చెవి మెలేసేది, విన్నా ఒకసారి జాగ్రత్త కోసం మెలేసేది. ఈ నలభయ్యేళ్ళ ఆడవాళ్ళకి ఏ చెవి మెలేయాలి? పైగా తిడితే నవ్వుతారు. తిట్టినందుకు మజ్జిగ తెచ్చిస్తారు.

ఇదంతా అమానుల్లా తెచ్చిపెట్టిన తంటా. నూతలపాలెం మసీదు కమిటీకి అధ్యక్షుడతను, పరుపుల దుకాణం నడుపుతాడు. ఆ మసీదే కొంచెం తేడా మసీదు. శుక్రవారం ప్రసంగం అయ్యాక దాన్ని మళ్ళీ తెలుగులో, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పిస్తాడు. రంజాన్‌లో ఆడవాళ్ళు నమాజు చేసుకోవడానికి తెర కట్టిస్తాడు. నెలకొకసారి పక్క హాల్లో కుర్చీలు వేయించి, ఎవరు ఏ మతం మీద ఏ ప్రశ్న అడిగినా అడగొచ్చంటాడు. చర్చి బడి పంతులు జయరావు వచ్చి రెండు గంటలు మాట్లాడిపోయాడు. పత్తి రైతు వెంకయ్య వచ్చి, అందరి దేవుళ్ళనీ కలిపి ఒకటే ప్రశ్న అడిగాడు: పురుగుని ఎందుకు పుట్టించారని. దానికి జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు. పక్క ఊళ్ళవాళ్ళు ఈ మసీదు గురించి నవ్వుకుంటారు, కొందరు కోప్పడతారు. అమానుల్లా పట్టించుకోడు.

“అక్షరం రానివాడు దేవుడి మాటైనా ఇంకొకడి నోటి మీదుగానే వినాలి అక్కగారూ,” అన్నాడతను ఏప్రిల్లో వచ్చి. “అది నాకు నచ్చటంలా. మీరు మా హాల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పండి. ఏ మతమైనా సరే, ఏ వయసైనా సరే. మతం పాఠం ఒక్కటీ వద్దు, ఉత్త తెలుగు.”

రహిమున్నీసా ఒప్పుకుంది. కమిటీలో అడ్డం పడ్డవాడు సెక్రటరీ నాగూర్ వలి. చెడ్డవాడేం కాదు. మసీదు జమాతు తరఫున పెళ్ళి వంటలకి అద్దెకిచ్చే డేగిశాలు పద్నాలుగు అతని ఇంటి వరండాలో పేర్చి ఉన్నాయి. ఒక్కో డేగిశాలో ఒక మనిషి కూర్చోవచ్చు. వాటికి కాలు తగిలి అతని భార్య పడని వారం లేదు. మసీదు పక్క హాలు ఖాళీ అయితే ఆ డేగిశాలు అందులోకి చేర్చాలని మూడేళ్ళుగా అతని కోరిక. ఇప్పుడా హాలు చదువు పాలవుతుంటే అతనికి కడుపు రగిలింది.

“రెండు నెలలు చూద్దాం,” అన్నాడు చివరికి. పదకొండు వాచకాలు గుంటూరు వెళ్ళి మోసుకొచ్చింది కూడా అతనే. “జులై మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక, జమాతు ముందు నేను వేలు చూపించిన మనిషి ఈ పుస్తకంలో నేను తీసిన పేజీ ఒకటి చదవాలి. చదివితే హాలు ఎప్పటికీ మీదే. చదవలేదంటే నా డేగిశాలు లోపలికొస్తాయి.” అందరూ సరేనన్నారు. రహిమున్నీసా అందరికంటే ముందు సరేనంది. రెండు నెలల్లో ఆరేళ్ళ పిల్లాడు చదువుతాడు, వీళ్ళకేం రోగం అనుకుంది.

ఆ హాలు పోతే ఇంకో చోటు చూసుకోవచ్చు గదా అంటారేమో. కుదరదు. కరీమున్ మొగుడు అయూబ్ ఆవిణ్ణి రేషన్ షాపుకి కూడా ఒంటరిగా పంపడు. మసీదుకి అంటే మాత్రం మారు మాట్లాడలేదు. మిగిలిన ఇళ్ళలోనూ అదే కథ. బడిలో పెడితే ఈ వయసులో బడేమిటని నవ్వుతారు, టీచరింట్లో పెడితే కబుర్లకి పోతున్నారంటారు. మసీదంటే అటు తురకలూ ఇటు హిందువులూ ఎవరూ నోరెత్తలేదు. ఈ పదకొండుమందికి ఈ జన్మకి దొరికే చదువు, దొరికితే, ఆ హాల్లోనే. ఆ సంగతి రహిమున్నీసాకి బాగా తెలుసు. అందుకే అంత మంట.

వేసవిలో ఆ ఊరి ఆడవాళ్ళకి మిరపకాయల పని. తెల్లవారుజామున అయిదింటికే కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డుకి వెళ్ళి, బారులుగా కూర్చుని, ఎండుకాయలకి తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, ఎండ ముదిరే వేళకి ఇళ్ళకొస్తారు. అన్నం తిని రెండింటికి క్లాసు. మొదటి వారం అందరూ ఠంచనుగా వస్తుంటే రహిమున్నీసా పొంగిపోయింది. రెండో వారం కరెంటు పోయిన రోజున ముగ్గురే వచ్చారు. వచ్చిన ముగ్గురూ పైకి చూసి, “ఫ్యాను తిరగట్లేదా అండీ?” అన్నారు. చదువు మీద ప్రేమ ఎంతో అప్పుడు అర్థమైంది.

ఇంకో బాధ ఘాటు. ఎంత స్నానం చేసొచ్చినా ఎవరో ఒకరు చెంగు దులుపుతారు. అంతే, ఒకరి తర్వాత ఒకరు తుమ్ములు. ‘క’ గుణింతం మొదలుపెడితే ‘కౌ’ దాకా ఏనాడూ సాఫీగా సాగలేదు. హనుమాయమ్మ తుమ్మినప్పుడల్లా “చిరంజీవ” అనుకుని, మధ్యలో ఆగిన కబురు మళ్ళీ అందుకునేది. కరీమున్ కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య నేర్చుకుంది.

అయినా నల్లబల్ల మీద మాత్రం వాళ్ళు బాగానే నేర్చుకున్నారు. అదే విచిత్రం. టీచరు సుద్దముక్కతో రాసి, బెత్తం కొనతో ఒక్కో అక్షరం మీద ఆనించి చూపిస్తుంటే గడగడా చదివేవాళ్ళు. పుస్తకం దగ్గరికొచ్చేసరికే పదకొండు నోళ్ళూ మూతపడేవి.

ఇళ్ళు తిరిగొచ్చిన మర్నాడు ఆవిడ అమానుల్లాని పట్టుకుంది. “మీరే మైకులో చెప్పండి. ఇవి ఉత్త అ ఆల పుస్తకాలు, పవిత్రమైనవేం కావు, వుజూ అక్కర్లేదు, పడుకుని చదువుకోవచ్చు, చిరిగినా పాపం లేదు అని.”

అమానుల్లా ఆ శుక్రవారం మైకులో చెప్పాడు. చక్కగా, వివరంగా, పది నిమిషాలు చెప్పాడు. ఫలితం ఏమైందంటే, అప్పటిదాకా ఆ పుస్తకాల సంగతి తెలియనివాళ్ళకి కూడా తెలిసింది. మసీదు మైకులో పది నిమిషాలు చెప్పారంటే అవి మామూలు పుస్తకాలు ఎట్లా అవుతాయి? మర్నాటికల్లా కరీమున్ అత్తగారు పెట్టెకి తాళం వేసింది. హనుమాయమ్మ ఇంటికి పక్కింటివాళ్ళు వచ్చి దండం పెట్టుకుని పోయారు. రహిమున్నీసా తల పట్టుకుంది.

పుస్తకాలు క్లాసుకే తెప్పించి, ఎదురుగా విప్పించి చూసింది. చీర చెంగుతో అంచులు పట్టుకుని, చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చూశారు. రెండు నిమిషాలకి ఒకావిడకి ఆవలింత వచ్చింది, పుస్తకం ముందు ఆవలించకూడదని మూసేసింది. ఇంకొకావిడకి తుమ్ము వచ్చేట్టుందట, ఆవిడా మూసేసింది. రహిమున్నీసాకి తిక్క రేగి, తన పుస్తకం తీసి, ‘ఆవు’ బొమ్మ మీద పెన్సిలుతో అడ్డంగా గీత గీసి చూపించింది. “చూడండి! ఏమైంది? ఆకాశం విరిగి పడిందా?” పదకొండుమందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. మస్తాన్‌బీ లెంపలు వేసుకుంది, ఎవరి తరఫునో మరి.

జూన్ నెలాఖరున ఒక సాయంత్రం బస్టాపు పక్క బజ్జీల బండి దగ్గర హనుమాయమ్మ కనిపించింది. బజ్జీలు తినడం అయిపోయి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. నూనె మరకల మధ్య నల్ల అక్షరాల కింద చూపుడు వేలు జరుపుకుంటూ, పెదాలు కదుపుతోంది. “మార్... కెట్... యార్డు... లో... మిర్చి...” అని వినిపించింది రహిమున్నీసాకి. వెనకనుంచి వెళ్ళి భుజం పట్టుకుంటే హనుమాయమ్మ దొంగతనం చేస్తూ దొరికినట్టు ఉలిక్కిపడింది.

“చదువుతున్నావే!”

“ఏదోలెండి. చేతిలో ఉందిగా అని.”

“మరి పుస్తకం చదవమంటే చావవేమే?”

“కాగితానికీ పుస్తకానికీ పోలికేందండీ?” అంది హనుమాయమ్మ, చిన్నపిల్లకి చెప్పినట్టు. ఆ కాగితం ఉండచుట్టి కాలవలోకి విసిరేసింది.

ఆ రాత్రి రహిమున్నీసాకి అన్నం సయించలేదు. అంటే చదువు వచ్చేసింది. పదకొండుమందికీ కాకపోయినా ఏడెనిమిదిమందికి వచ్చేసింది. పుస్తకం ముట్టుకోవడం ఒక్కటే రాలేదు. తెల్లారాక నాగూర్ వలి ఇంటికి వెళ్ళి, డేగిశాలు తప్పించుకుంటూ వరండా దాటి, బల్ల మీద చదివిస్తానని, పేపరు కాగితం మీదైనా సరేనని బతిమాలింది. బతిమాలడం ఆవిడకి అలవాటు లేని పని, సరిగా చేయలేకపోయింది.

“బల్ల మీద మీరు రాసింది నాలుగు రోజుల్నించీ వల్లె వేయించి ఉంటారు టీచరు గారూ,” అన్నాడతను. “పుస్తకమని ముందే అనుకున్నాం గదా. నేను మాట మార్చట్లా. మీరూ మార్చొద్దు.” అతని మాటలో తప్పు వెతికింది ఆవిడ. దొరకలేదు. అది ఇంకా చిరాకు.

జులై మొదటి శుక్రవారం వచ్చింది. ముందు రోజే నాలుగు చినుకులు పడ్డాయి. ఇంకో వర్షం పడితే విత్తనాలు, ఆడవాళ్ళందరూ పొలాలకి పోతారు. ఆపైన వీళ్ళని మళ్ళీ కూడగట్టాలంటే చేతిలో హాలు ఉండాలి.

జుమ్మా అయ్యాక మగవాళ్ళు నలభైమంది దాకా పక్క హాల్లోకి వచ్చి చాపల మీద కూర్చున్నారు. అందరికీ ఆకలి వేళ, అందరి మొహాల్లోనూ తొందర. హనుమాయమ్మ మొగుడితో పాటు వెంకయ్య కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రెండో పక్క పదకొండుమంది ఆడవాళ్ళు, ఒళ్ళో పదకొండు మూటలు. పొద్దున షెడ్డులో పనికి పోయి, తిన్నగా అక్కణ్ణుంచే వచ్చారు, మూటలు ఇళ్ళనుంచి పిల్లలు తెచ్చిచ్చారు. సరుకు లారీ ఎక్కాలని మేస్త్రీ వదల్లేదట. రహిమున్నీసా ఎండలో నడిచి వచ్చిన కోపంతో ఎర్రగా ఉంది.

నాగూర్ వలి లేచి, ఆ వరస అంతా చూసి, మస్తాన్‌బీ వైపు వేలు చూపించాడు. కావాలని బలహీనమైన మనిషిని ఎంచాడనటానికి లేదు, మస్తాన్‌బీ క్లాసులో అందరికంటే చురుకు. టీచరు గుండె కాస్త కుదుటపడింది.

మస్తాన్‌బీ పచ్చగుడ్డ ముడి విప్పింది. విప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. నాగూర్ వలి పుస్తకం అందుకుని, ఒక పేజీ తీశాడు. కొత్త పుస్తకం, తెరుస్తుంటే వెన్ను చిటచిటలాడింది. ఆ చప్పుడు హాలంతా విన్నారు. అతను టీచరు వైపు ఒకసారి చూశాడు. ఆవిడకి భూమిలోకి పోవాలనిపించింది.

మస్తాన్‌బీ చెంగుతో పుస్తకం పట్టుకుని మొదలుపెట్టింది. “వాన... వచ్చింది.” బాగుంది. “కాలువ... నిం... నిండింది.” ఇంకా బాగుంది. మూడో లైనులో సగం చదివి తల ఎత్తి ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ చూసేసరికి ఎక్కడ ఆపిందో దొరకలేదు. కళ్ళు పైకీ కిందికీ తిరిగాయి. మళ్ళీ మొదటికొచ్చి, “వాన వచ్చింది,” అంది. వెనక ఎవరో నవ్వారు.

“వేలు పెట్టి చదువు,” అంది రహిమున్నీసా.

మస్తాన్‌బీ తల అడ్డంగా ఊపింది. “కాలువ నిండింది,” అంది మళ్ళీ. మళ్ళీ మూడో లైను. మళ్ళీ తప్పిపోయింది.

“వేలు పెట్టవే! లైను కింద వేలు పెట్టుకుంటే పోదు గదా!”

“వద్దులెండి.”

“వద్దేమిటి వద్దు?” రహిమున్నీసా గొంతు లేచింది. నలభైమంది మగవాళ్ళు ఉన్నారన్న సంగతి మర్చిపోయింది. “రెండు నెలలుగా చూస్తున్నా మీ భక్తి! వుజూ అంటారు, మసీదు అంటారు, గూట్లో పెడతారు, పెట్టెలో పెడతారు! ఎవరు చెప్పారే నీకు, పుస్తకం ముట్టుకోకూడదని? ఆ చెప్పిన మనిషిని చూపించు, నాలుగు దులిపి వస్తా!”

మస్తాన్‌బీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ వెల్లకిలా తిప్పి చూపించింది. వేళ్ళ కొనలు, గోళ్ళ సందులు, అరచేతి గీతలు అన్నీ ఎర్రగా ఉన్నాయి.

“మిరపకాయ చేతులండీ,” అంది నెమ్మదిగా. “వీటితో పుస్తకం ముట్టుకోవద్దని మీరే గదండీ చెప్పింది.”

“నేనా? ఈ రెండు నెలల్లో నేనెప్పుడు...”

“ఈ రెండు నెలల్లో కాదండీ. రెండో తరగతిలో.”

మస్తాన్‌బీ చేతులు మళ్ళీ చెంగులో చుట్టుకుంది.

“నా పుస్తకం పైకెత్తి అందరికీ చూపించారు. పేజీల నిండా ఎర్ర వేలిముద్రలు ఉన్నాయండీ. ఇట్టాంటి చేతుల్తో ముట్టుకుంటానికి ఇదేమన్నా కాయల బస్తానా, పుస్తకం అంటే ఏమనుకున్నావు, చేతులు కడుక్కుని రా పో అన్నారు.” ఆ గొంతులో నిష్ఠూరం లేదు. టీచరుకి గుర్తు చేస్తోంది, అంతే. “వుజూ చేసుకున్నా ఎరుపు పోదు గదండీ. అందుకని ఇంటి దగ్గర విప్పలా.”

“నాకూ చెప్పారండీ,” అంది హనుమాయమ్మ వెనకనుంచి.

కరీమున్ చెయ్యి ఎత్తింది. “నాకైతే పేడ చేతులన్నారు,” అంది ఇంకొకావిడ. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

రహిమున్నీసాకి మస్తాన్‌బీ రెండో తరగతిలో ఉన్నట్టే గుర్తు లేదు. ఎంత వెతికినా ఆ మొహం దొరకలేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఆరు ఊళ్ళలో, ముప్పై ఆరేళ్ళు, ఏటా జూన్‌లో పుస్తకాలు పంచేటప్పుడు అన్న మాట. ఆవిడ బడిలో పుస్తకాలు మూడేళ్ళు మన్నేవి. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, అందరి ముందూ మెచ్చుకుని వెళ్ళాడు. ఆ మెప్పు ఆవిడ ఇన్నాళ్ళూ దాచుకుంది. దాని కింద ఎంతమంది పిల్లలు బయటికి పోయారో ఏనాడూ లెక్క చూసుకోలేదు. సిగ్గుతో ఆవిడ మెడ దాకా కాలిపోయింది.

లేచి నిలబడింది. ఆ మగవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర చెవులు మెలేయించుకున్నవాళ్ళే. వాళ్ళెవరూ ఆవిడ నోట తప్పయిందన్న మాట వినలేదు.

“అన్నాను,” అంది. “బుద్ధి లేక అన్నాను. తప్పు అన్నాను. ఇప్పుడు ఇంతమంది ముందూ చెబుతున్నా, విను. వేలు పెట్టు. ఎర్రబడితే ఎర్రబడనీ. పుస్తకం పాడైతే ఇంకోటి అచ్చు వేస్తారు. పెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

మస్తాన్‌బీ కొంచెంసేపు ఆవిడ మొహం వంక చూసింది. నిజంగానే అంటోందా, మళ్ళీ తిడుతుందా అని చూసినట్టుంది. తర్వాత చెంగు వదిలేసి, పుస్తకం ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేతి చూపుడు వేలు మొదటి లైను కింద పెట్టింది. తెల్ల కాగితం మీద ఎర్ర మచ్చ పడింది. వేలు మాత్రం తీయలేదు.

“వాన వచ్చింది. కాలువ నిండింది. సీ... సీతమ్మ విత్త... నాలు తెచ్చింది.”

పేజీలో పద్నాలుగు లైన్లు. పావుగంట పట్టింది. మధ్యలో చెమట తుడుచుకుంది, రెండుసార్లు తుమ్మింది. ఆకలి మీదున్న మగవాళ్ళు ఒక్కరూ లేవలేదు. తొమ్మిదో లైను దాటి తిన్నగా పదకొండో లైనులోకి వెళ్ళబోతే, “ఒక లైను వదిలేశావమ్మా, పైది, పైది,” అని ఆత్రంగా వంగి చూపించాడు నాగూర్ వలి. చూపించాక గాని తను ఎవరి పక్షాన ఉన్నాడో అతనికి గుర్తు రాలేదు. చివరి లైను అయ్యాక పుస్తకం అందుకుని, ఎర్ర గీతలు పడ్డ ఆ పేజీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చదివింది,” అన్నాడు ముక్తసరిగా. “డేగిశాలు మా వరండాలోనే ఉంటాయి.” ఆడవాళ్ళ వెనక కూర్చున్న అతని భార్య “యా అల్లా” అంది. హాలంతా నవ్వులు. హనుమాయమ్మ అప్పటికే తన పుస్తకం తెరిచి, కుంకుమ రాలుతుంటే ఊదుకుంటూ, ఎవరూ అడక్కుండానే మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.

అందరూ వెళ్ళాక మెట్ల మీద రహిమున్నీసా, మస్తాన్‌బీ మిగిలారు. గెలిచిన సంతోషం ఉండాలి టీచరుకి. ఉంది కూడా. దాని పక్కనే ఒక ముల్లు గుచ్చుకుంటోంది. ఆ తప్పులో కొంచెమన్నా అవతలి మనిషికి పంచితే తప్ప అది దిగేట్టు లేదు.

“ఏమే, తిట్టాననుకో,” అంది, పాత చిరాకు గొంతులోకి తెచ్చుకుని. “చేతులు కడుక్కుని రమ్మన్నాను గదా? వద్దని తరమలేదుగా? కడుక్కొచ్చి కూర్చుంటే అయిపోయేది. ఏడ్చుకుంటూ ఇంటికి పోయి ఏకంగా చదువే మానేశావు. నా మాట సగమే విన్నావు నువ్వు.”

మస్తాన్‌బీ చెప్పులు వేసుకోబోతున్నదల్లా ఆగింది.

“ఇంటికి పోలేదండీ,” అంది. “కాలవ దగ్గరికి పోయాను. కడిగాను. ఎరుపు పోలేదు. ఇసకేసి రుద్దాను. కొంచెం పోయింది, మళ్ళీ రుద్దాను. బాగా తెల్లగా అయిందాకా రుద్దుకుని వచ్చాను. వచ్చేసరికి బడికి తాళమేసుంది.”

రహిమున్నీసా ఆ అరచేతుల వంక చూసింది. “మరి మర్నాడు?” అంది.

“మర్నాడు పొద్దున మళ్ళీ కాయలకి పోయాం గదండీ,” అంది మస్తాన్‌బీ. “మళ్ళీ ఎర్రబడ్డాయి.”